జనం మధ్య కెమెరా

సినిమా గురించి మాట్లాడుతుందంటే ఏ తార ఏ చీర కట్టిందో చెబుతాననుకునేరు! ఈవేళ నేను చెప్పబోయేది కథ లేని సినిమా సంగతి. పోయిన నెల అలాంటి సినిమాకు నేను సంచీ మోశాను. కనుక చెప్పే హక్కు కాస్త వచ్చిందనుకుంటున్నాను.

హైదరాబాదులో చదువుకుంటున్న మా అమ్మాయిని కాలేజీలో పదినిమిషాల ప్రయోగాత్మక చిత్రం తీసుకురమ్మన్నారు. నటులుండరు, మాటలుండవు, పాటలుండవు. కోఠీలో ఒక సాయంత్రం, అంతే. చేతిలో ఉన్నది సెల్‌ఫోను. "మరి ఎవరు చూస్తారే?" అన్నాను. "చూడకపోయినా ఫరవాలేదమ్మా" అంది. వంట చేసి ఎవరూ తినకపోయినా ఫరవాలేదన్నట్టుంది నాకు.

మాది పాలకీడు. ఏటా జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు వచ్చే జనాన్ని చూస్తూ పెరిగినదాన్ని, గుంపంటే జంకు లేదు. కాని ఉర్సులో అందరి చూపూ దర్గా వైపే. కోఠీలో ఎవరి దోవ వారిది, ఎవరి తొందర వారిది. ఫోను పైకెత్తగానే పిల్లలు చేతులూపడం, పెద్దలు జుట్టు సవరించుకోవడం! దానికి మందొకటేనట: కదలకుండా ఒక్కచోట నిలబడి, జనానికి మనమీద విసుగు పుట్టేదాకా ఆగడం. అరగంట గడిచేసరికి మమ్మల్ని ఎవరూ లెక్కచెయ్యలేదు.

ఇదేమీ కొత్త వింత కాదు. 1929లోనే వెర్తోవ్ అనే ఆయన సోవియట్ నగరాల వీధుల్లో నటులూ కథా లేకుండా ఒక సినిమా తీశాడు. పేరు 'మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా'. ఫిలిం ముక్కలు ఏరి కూర్చింది ఆయన భార్య స్విలోవా. ఆ పని చేస్తూ ఆవిడ తెరమీద కనిపిస్తుంది కూడా. అయినా అందరూ చెప్పుకునేది ఆయన పేరే, అది వేరే సంగతి.

మన హైదరాబాదు విషయానికొస్తే బి. నరసింగరావుగారి 'రంగుల కల' ఉంది, 1983 నాటిది. ఆయన స్వయంగా చిత్రకారుడు. సినిమాలో చిత్రకారుడి వేషమూ తానే వేశారు. గద్దర్ గొంతు కూడా వినిపిస్తుంది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. అమ్మాయి చూపించినప్పుడు మొదట నాకు కునుకు పట్టింది, ఎందుకు దాచాలి? రెండోసారి చూస్తే ఆ చిత్రకారుణ్ణి లోపల తొలిచే ప్రశ్న అర్థమైంది. నా బొమ్మలు ఎవరికోసం? గోడకు తగిలించుకునే డబ్బున్నవాళ్ళకా, లేక శ్రమచేసి బతికేవాళ్ళకా?

అదే ప్రశ్న కోఠీలో మాకూ ఎదురొచ్చింది, గంపలో జామకాయలమ్మే ఒకామె రూపంలో. ఎండ వాలుతోంది, ఆమె ముఖంమీద వెలుగు పడి ఎంత బాగుందో! అమ్మాయి తీసేసింది కూడా. ఆమె చూసి కొంగు అడ్డం పెట్టుకుని దిగ్గున లేచింది.

"అడిగినవా బిడ్డా? నేనిక్కడ ఆఫీసుల పని జేస్తున్ననని మా ఊర్ల చెప్పుకున్న. మావోళ్ళు సూస్తే నా ఇజ్జత్ ఏంగావాలె?"

"అమ్మా, అదొక్కటే బాగొచ్చింది" అని అమ్మాయి నా చెవిలో గొణిగింది. నేనేమీ అనలేకపోయాను. పండక్కి పుట్టింటికి వెళ్ళి, అడిగినవాళ్ళందరికీ అంతా బాగానే ఉందని చెప్పిన రోజులు నాకూ ఉన్నాయి. మీకూ ఉండే ఉంటాయి.

చివరికి ఆమె కళ్ళెదుటే చెరిపేసింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చాలాసేపు మావైపు చూడలేదు. తర్వాత తనంతట తానే, "మొకం గాకుంటే తీసుకో" అంది.

అలా చేతులు తీసింది. కాయలమీద నీళ్ళు చల్లడం, తూచడం, కోసి ఉప్పూకారం అద్దడం, చిల్లర లెక్కపెట్టడం. పదినిమిషాల సినిమాలో మూడు నిమిషాలు ఆ చేతులే.

మరుసటి వారం తీసుకెళ్ళి చూపించాం. గంప పక్కకు జరిపి, ఫోను దగ్గరగా పట్టుకుని చూసింది. "నా గాజులు గింత పాతబడ్డయా?" అని నవ్వింది. ఇంకోసారి పెట్టమంది. మేం కొన్న జామకాయల డబ్బులు మాత్రం లెక్కపెట్టి తీసుకుంది, రూపాయి తగ్గించలేదు.