వేలూరులో సభ, గుడియాత్తంలో అవసరం

1984లో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన వేలూరు వీఐటీలో ఏటా ‘గ్రావిటాస్’ అనే సాంకేతిక ఉత్సవం జరుగుతుంది. హ్యాకథాన్లు, వర్క్‌షాపులు, రోబో పోటీలు ఉంటాయి. ఏర్పాట్లలో విద్యార్థులదే ముందడుగు. వక్తలను పిలవడం, హాలు, మైకు, వైఫై చూసుకోవడం, ఒక ప్రసంగం ఆలస్యమైతే తరవాతివాటిని సర్దడం... ఇదంతా గొప్ప చదువే.

మన చిత్తూరు పిల్లలకు వీఐటీకి దిగే కాట్పాడి జంక్షన్ దగ్గరే కదా, ఆ ఉత్సవానికి వెళ్లండి. టీ విరామంలో ఫోను జేబులో పెట్టి పక్కవాళ్లను పలకరించండి. పరిచయాలు అక్కడే ఏర్పడతాయి.

నా మనసు మాత్రం వేలూరు జిల్లాలోనే ఉన్న గుడియాత్తం మీద ఉంది. లుంగీల నేతకు, అగ్గిపెట్టెలకు పేరున్న ఊరది. డిజైన్ సాఫ్ట్‌వేర్, ఆన్‌లైన్ అమ్మకాల మీద అక్కడొక చిన్న సభ జరగాలి. తమిళంలోనూ తెలుగులోనూ మాట్లాడాలి. మొదటి ప్రశ్న నేతన్నలే అడగాలి.