మినూ మసానీ వాదన, మన మొహల్లా ఓటు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ మా చేత తాలీమ్ గురించి చెప్పించుకునేవారు. ఈసారి ఎన్నికల గురించి, అఖ్బార్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బడిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉర్దూలో పాఠం చెప్పుకునే వాళ్లం, తెలుగులో తఖ్రీర్ అంటే మాకు కాస్త బెరుకే. తప్పులు దొర్లితే మన్నించాలి.

మేము చెప్పదలచుకున్నది ఒక పార్సీ పెద్దమనిషి సంగతి. ఆయన పేరు మినూ మసానీ. 1905లో పుట్టారు, 1998లో పోయారు. ఆయన స్వేచ్ఛావాది. అంటే ప్రభుత్వం చేతిలో అధికారం ఎంత తక్కువగా ఉంటే మనిషికి అంత మేలని నమ్మినవారు. మొదట్లో ఆయన సోషలిస్టే. 1934లో జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ పెట్టినవారిలో ఒకరు. తరువాత రష్యాలో జరుగుతున్నది చూసి మనసు మార్చుకున్నారు. 1959లో రాజాజీ, మన ఆచార్య రంగా గారు కలిసి స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు రంగా గారు అధ్యక్షులు, మసానీ ప్రధాన కార్యదర్శి. 1978లో కేంద్ర ప్రభుత్వం మైనారిటీల కమిషన్ ఏర్పరచినప్పుడు దానికి మొదటి అధ్యక్షులు కూడా ఈయనే. పార్సీలు మనకంటే ఎంత తక్కువమందో అందరికీ తెలిసినదే. తక్కువమంది ఉన్నవాళ్లకు నోటి స్వేచ్ఛ ఎందుకు కావాలో ఆయనకు ఎవరూ నేర్పనక్కర లేకపోయింది.

అసలు కథ 1975లో ఉంది. ఆ జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. ఢిల్లీలో పత్రికలు అచ్చయ్యే వీధికి ఆ రాత్రే కరెంటు తీసేశారు. మరునాటినుంచి ఏది అచ్చువేయాలన్నా ముందుగా సెన్సారు అధికారికి చూపించాలి. మసానీ 'ఫ్రీడం ఫస్ట్' అని ఒక చిన్న మాసపత్రిక నడిపేవారు. పెద్ద పత్రికేమీ కాదు, చదివేవారు కొద్దిమందే. ఆయన పంపిన వాటిలో పదకొండు అంశాలను సెన్సారు అధికారి వేయవద్దన్నాడు. పెద్ద పెద్ద పత్రికలే తల వంచిన రోజులవి. ఈయన వంచలేదు, బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. సోలీ సొరాబ్జీ ఆయన తరఫున వాదించారు.

అప్పటికి రాజ్యాంగంలోని పంతొమ్మిదో అధికరణం, అంటే వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే అధికరణం, పని చేయకుండా ఆగి ఉంది. అయినా మసానీ గెలిచారు. ప్రభుత్వం అప్పీలుకు పోయింది. 1976 ఫిబ్రవరిలో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి కూడా ఆయన పక్షమే చెప్పింది. ప్రభుత్వ విధానాన్ని ఎత్తిచూపినంత మాత్రాన ఒక వ్యాసాన్ని ఆపడానికి వీల్లేదనీ, పత్రికలన్నిటి చేత ఒకే పాట పాడించడం సెన్సారు వారి పని కాదనీ ఆ తీర్పు సారాంశం. చీకట్లో ఒక దీపం వెలిగినట్టయింది. కాని అది ఒక్క దీపమే సుమా! అదే ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో అక్రమంగా జైల్లో పెట్టినా హైకోర్టుకు వెళ్లి విడిపించుకునే దారి లేదని తీర్పు చెప్పింది.

ఒక చిన్న ఇంగ్లీషు పత్రికలో పదకొండు ముక్కలు ఆగిపోతే మనకేమిటి అని ఎవరైనా అడగవచ్చు. దానికి జవాబు తుర్కమాన్ గేటు.

అది కూడా 1976 ఏప్రిల్ నెలే. ఢిల్లీ జామా మసీదుకు దగ్గరలో తుర్కమాన్ గేటు మొహల్లా. తరతరాలుగా మనవాళ్లు కాపురముంటున్న ఇళ్ల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. జనం అడ్డం నిలబడ్డారు. పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఎంతమంది అన్నదాని మీద ఇప్పటికీ ఒక్క మాట లేదు. ఎందుకు లేదంటే, ఆ పూట అక్కడ నిలబడి లెక్క రాసి మరునాడు అచ్చువేయగల పత్రిక లేదు. ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ అన్నిటి చేతులూ కట్టేసి ఉన్నాయి. మా పెద్దలు చెప్పగా విన్నాం: ఢిల్లీ నుంచి రైల్లో వచ్చినవాళ్లు గుసగుసగా చెబితే ఇక్కడ తెలిసిందట, అదీ సగం నిజం, సగం పుకారు. తరువాత షా కమిషన్ విచారణ జరిపాక గాని వివరాలు బయటికి రాలేదు. అప్పుడు మా బోటి వాళ్లం ఇంకా పుట్టనే లేదు. అయినా ఆ సంగతి చదివినప్పుడల్లా, ఒక్క విలేకరి, ఒక్క కెమెరా అక్కడ స్వేచ్ఛగా ఉండి ఉంటే అన్నే ఇళ్లు కూలేవా అనిపిస్తుంది.

1977 మార్చిలో ఎన్నికలు వచ్చాయి. ఉత్తరాదిలో, అవన్నీ కళ్లారా చూసినచోట, జనం తీర్పు చెప్పారు. మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకే వచ్చాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల, సంజీవరెడ్డి గారిది. దీనికి కారణాలు చాలా చెబుతారు. దూరం వల్ల వార్త అందకపోవడం అందులో ఒకటని మా అభిప్రాయం. తెలియనిదానికి ఓటరు ఏం తీర్పు చెప్పగలడు?

ఎన్నికల విషయంలో స్వతంత్ర పార్టీ పద్ధతి ఒకటి మాకు బాగా నచ్చింది. పార్టీ మూల సూత్రాలు తప్ప మిగతా విషయాల్లో సభ్యుడు తన మనస్సాక్షి ప్రకారం మాట్లాడవచ్చు, ఓటు వేయవచ్చు అని వాళ్ల నియమం. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం తర్వాత ఆ మాట అనడానికే లేదు. విప్ జారీ అయిందంటే సభ్యుడు చెయ్యెత్తాలి, అంతే. ఫిరాయింపులు ఆగాయా అంటే అదీ లేదు. 1967లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలుండేవి. 1971లో ఎనిమిదికి పడిపోయాయి. మసానీ కూడా ఓడిపోయి పార్టీ అధ్యక్ష పదవి వదులుకున్నారు. ఓడిపోతే కుర్చీ దిగడం అనేది ఇప్పటివాళ్లకు ఎవరైనా పాఠంగా చెబితే బాగుండును.

అన్నిటిలో మేము ఆయన వెంట నడవలేం. ప్రభుత్వం అన్నిటా తప్పుకోవాలంటే మా ఉర్దూ మీడియం బడి ఏమవుతుంది? ప్రభుత్వ జీతం లేకపోతే మేమూ లేము, మా దగ్గర చదివే రిక్షావాళ్ల పిల్లలకు అక్షరమూ లేదు. ఆ పార్టీలో రాజులూ జమీందార్లూ ఎందుకు చేరారో కూడా ఆలోచించవలసిందే. పత్రికల మాట తీసుకున్నా, నోరు కట్టేది సర్కారు ఒక్కటే కాదు. 2009 ఎన్నికల్లో మన రాష్ట్రంతో సహా అనేకచోట్ల అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలాగా వేశారు. 2010లో ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం దానిమీద పెద్ద నివేదికే తయారు చేసింది. సెన్సారు వార్తను ఆపితే, డబ్బు అబద్ధాన్ని వార్త చేస్తుంది. రెండో దానికి మసానీ దగ్గర మందు లేదు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎలక్షన్ బాండ్లు చెల్లవని, పార్టీలకు ఎవరు ఎంత ఇచ్చారో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని చెప్పింది. ఆ మందు కొంత పనిచేయవచ్చు.

ఇక మన సంగతి. ఇది చెప్పడం కష్టం, కాని చెప్పక తప్పదు. మన మీద ఎవరైనా తప్పుడు రాతలు రాస్తే మనం కలెక్టరేటుకు పోయి అర్జీ ఇస్తాం, ఇవ్వాలి కూడా. కాని మనలోనే ఒకడు మనకు నచ్చని మాట అంటే? షోయబుల్లా ఖాన్‌ను తలచుకోండి. మానుకోట ప్రాంతం బిడ్డ, ఉస్మానియాలో చదువుకున్నాడు. హైదరాబాదులో 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక నడిపాడు. రజాకార్లను నిలదీశాడు, సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో ఒక రాత్రి ఇంటికి పోతుండగా కాచిగూడ దగ్గర ఆయన్ని చంపారు, రాసే చేతిని నరికారు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. చంపినవారు తెల్లదొరలు కారు. ఆయన రాసిన ఉర్దూనే మాట్లాడేవారు. మన జల్సాల్లో మౌలానా ఆజాద్ పేరు ప్రతి ఏడూ వినిపిస్తుంది, వినిపించవలసిందే. షోయబుల్లా ఖాన్ పేరు ఎన్నిసార్లు విన్నామో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు.

అంత దూరం కూడా పోనక్కర లేదు. పోయినసారి ఎన్నికల ముందు ఒక అభ్యర్థి మన ఖబరస్తాన్ ప్రహరీ గోడకు డబ్బు ఇచ్చిన సంగతి మీకు తెలుసు. గోడ కావలసిందే, కుక్కలు దూరుతున్నాయి. ఆ తరువాత మొహల్లా ఓట్లన్నీ ఒకే గుర్తుకు వేయాలని పెద్దలు ఒక మాట అనుకున్నారు. ఆ సమావేశంలో ఒక కుర్రవాడు లేచి, “డబ్బు ఎంత వచ్చింది, ఎవరి చేతికి వచ్చింది, గోడకు ఎంత అయింది, దానికి బదులు మా అమ్మ ఓటు మీరెట్లా మాట ఇచ్చారు” అని అడిగాడు. నాలుగు ప్రశ్నలే. వాడు మా దగ్గర ఏడో తరగతి దాకా చదివినవాడే. వాణ్ణి కూర్చోబెట్టింది మరెవరో కాదు, మేమే. “బైఠో బేటా, బుజుర్గుల ముందు ఇట్లా మాట్లాడతారా” అన్నాం. వాడు మాకు సలాం చేసి మరీ కూర్చున్నాడు. అదే మమ్మల్ని ఇప్పటికీ బాధపెడుతున్నది. బడిలో ప్రశ్న అడగనివాణ్ణి బెంచీ ఎక్కించే మేము, అడిగినవాడి నోరు అక్కడ మూయించాం.

ఆ లెక్కలో తప్పేమీ జరగలేదని కమిటీవారు మాతో అన్నారు. మేము నమ్ముతున్నాం. నమ్మకం వేరు, నలుగురిలో లెక్క చదవడం వేరు. ఈ సంవత్సరం నుంచి చందాలు, విరాళాలు, ఇచ్చినవారి పేర్లతో సహా జమాఖర్చు సావనీరులోనే అచ్చు వేయాలనీ, సర్వసభ్య సమావేశంలో సభ్యుడైనవాడు, ఆడా మగా ఎవరైనా, ఐదు నిమిషాలు అడ్డు లేకుండా మాట్లాడవచ్చుననీ ఒక తీర్మానం రాసి సదర్ సాహెబ్ గారి చేతిలో పెట్టాం. దాని మీద మేము సంతకం చేశాం. రెండో సంతకానికి జాగా ఖాళీగా ఉంచాం.

మా టైము అయిపోయిందని సెక్రటరీ గారు గంట చూపిస్తున్నారు. ఆ కుర్రవాడు ఇవాళ కూడా వచ్చాడు, వెనక షామియానా గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు. బేటా, మైకు ఇక్కడుంది. ముందుకు రా.