ఉరుమెడు పొగ

రేడియోలో పనిచేయు మావంటి వారికి ఒక చెడ్డ అలవాటు గలదు. ఎక్కడికి పోయినను కన్నులకంటె ముందు చెవులే పరుగెత్తును. 2024 అక్టోబరు మాసములో ఆఫ్రికా ఖండమందలి జాంబియా దేశమునకు, అందును దాని దక్షిణపు కొసనున్న లివింగ్‌స్టన్ పట్టణమునకు మేము పోయినప్పుడును అదియే జరిగినది. ఆ పట్టణమునకు పది కిలోమీటర్ల దూరమున జాంబేజీ నది ఒక మహాజలపాతమై దుముకుచున్నది. లోకమంతయు దానిని విక్టోరియా జలపాతమనును. అచ్చటివారు "మోసి-ఓఆ-టున్యా" యందురు. అనగా ఉరుమెడు పొగ. ఇంతటి పేరుగల సవ్వడిని యంత్రములో పట్టి తెచ్చి శ్రోతలకు వినిపింపవలెనని మా సంకల్పము. అది ఏమైనదో పిదప మనవి చేసెదము.

జాంబేజీ చిన్న నది కాదు. జాంబియా వాయవ్యమూలనున్న మెట్టలలో పుట్టి, రెండువేల అయిదువందల కిలోమీటర్లకు పైగా నడచి, మొజాంబిక్ తీరమున మన హిందూ మహాసముద్రములోనే కలియును. జలపాతమునకు ఎగువన ఆ నదిని చూచినవారికి రాజమహేంద్రవరము కడ గోదావరి జ్ఞప్తికి రాక మానదు. అదే వెడల్పు, అదే నిదానము, నడుమ నడుమ పచ్చని లంకలు. మన లంకలలో పొగాకును అరటియు పండును. అక్కడి లంకల చుట్టును నీటి గుఱ్ఱములు ముక్కులు పైకెత్తి ఊపిరి విడుచుచుండును. ఇంత నెమ్మదిగా సాగు నది కాళ్లక్రింద ఒక్కసారిగా నేల లేకుండ పోవును. 1,708 మీటర్ల వెడల్పున నదియంతయు ఒక్క చీలికలోనికి 108 మీటర్ల లోతునకు కూలును. ఆ చీలికకు ఆవలి ఒడ్డు కూడ అంతే ఎత్తున నుండుట ఇచ్చటి వింత. ఇతర జలపాతములను మనము క్రిందినుండి తల యెత్తి చూతుము. దీనిని ముఖాముఖిగా నిలిచి చూడవలెను.

అక్కడి రాయి, లావా చల్లారి గడ్డకట్టిన నల్లరాయి. మన దక్కను పీఠభూమిలోని నల్లరాతికి వరుసకు అన్నగారు, వయస్సులో చాల పెద్ద. దానిలో అడ్డముగా పగుళ్లు గలవు. నది ఆ పగుళ్లను కొరికి కొరికి, ఒక జలపాతమును విడిచి వెనుకకు జరిగి మరియొకటి కట్టుకొనుచు వచ్చినది. ఇప్పుడు మనము చూచునది ఎనిమిదవదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దిగువనున్న మెలికల లోయలన్నియు నది ఖాళీచేసిన పాత ఇండ్లే.

ఇక మా సంకల్పము మాట. ఏప్రిల్ ప్రాంతమున నది నిండుగా నుండును. తుంపురుల మేఘము వందల మీటర్లు పైకెగసి, పలు క్రోసుల దూరమునకు పొగవలె కనిపించును. కాని అప్పుడు దగ్గరకు పోయినవానికి ఆ తుంపురులే తెరయై ఏమియు కానరాదట. అక్టోబరులో నీరు తగ్గి రాతిగోడ చక్కగా కనబడును. కాని జాంబియా వైపున ఉరుము చాలవరకు అణగిపోవును. వినవచ్చినవారు చూడలేరు, చూడవచ్చినవారు వినలేరు. మేము చూడవచ్చిన కాలమున వినబోయితిమి. అది చాలదన్నట్లు ఆ యేడు జాంబియాలో ఘోరమైన కరువు. ఫిబ్రవరిలోనే అధ్యక్షుడు దానిని జాతీయ విపత్తుగా ప్రకటించియుండెను. తూర్పు భాగమున గోడ మీద అక్కడక్కడ జంధ్యపు పోగులవలె నీరు వ్రేలాడుచుండెను. నడిమి ధార వైపునకు యంత్రమును చాచి అరగంటసేపు పట్టితిమి. బసకు వచ్చి విందుము గదా, బాణలిలో అప్పడము వేగినట్లు చుయ్యిమను శబ్దము! ఇంటికి వచ్చిన పిమ్మట మా తల్లిగారు విని, "స్టేషను సరిగా పట్టలేదేమో, ముల్లు కొంచెము త్రిప్పరా" యనిరి.

1855 నవంబరు 16వ తేదీన కొలోలో తెడ్డుగాండ్రు ఒక చిన్న పడవలో డేవిడ్ లివింగ్‌స్టన్‌ను జలపాతపు అంచుననున్న లంకకు చేర్చిరి. ఆయన దానికి తమ రాణి పేరు పెట్టెను. ఆయనను తీసికొనిపోయినవారి నోట అప్పటికే దానికొక పేరు, ఇంతకంటె మంచి పేరు, ఉండనే యున్నది. ఆ లంకలో ఆయన పండ్ల టెంకలును కాఫీ గింజలును నాటి, చెట్టుమీద తన పేరి పొడి అక్షరములును సంవత్సరమును చెక్కెను. తోటను నీటి గుఱ్ఱములు త్రొక్కివేసినవి. 1864లో ఆయన చిన్న ఆవిరి పడవ నెక్కి సముద్రము దాటి మన బొంబాయికి వచ్చినట్లు చాలమంది యెరుగరు. 1964లో స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ జాంబియావారు ఈ పట్టణము పేరు మార్చలేదు.

పట్టణము మొదట నది యొడ్డుననే వెలసినది. జ్వరములు పట్టి అనేకులు చనిపోగా మెట్టమీదికి మార్చిరి. 1911 నుండి 1935 వరకు ఉత్తర రొడీషియాకు ఇదియే రాజధాని. రాజధాని లుసాకాకు తరలిపోయిన తరువాత పెండ్లివారు వెడలిన పందిరివలె మిగిలినది. పెద్ద వీధిలో రేకుల కప్పులు, పొడుగాటి వరండాలు, ఒక మంచి వస్తుప్రదర్శనశాల, గుజరాతీ వర్తకుల దుకాణములు. భోజనమునకు "న్షీమా" యను మొక్కజొన్నపిండి సంకటి. చేతితోనే ముద్ద చేసి ఎండుచేపల పులుసులో అద్దుకొని తినవలెను. మాకు ఎవరును నేర్పవలసిన అవసరము లేకపోయెను.

జలపాతమునకు దిగువనే, జాంబియా జింబాబ్వేలను కలుపు వంతెన యున్నది. 1905లో కట్టిరి. ఇరు ఒడ్డులనుండి చాచుకొని వచ్చిన ఉక్కు చేతులు నడుమ కలియవలసిన సాయంకాలము, ఎండవేడికి ఇనుము సాగి ఒకదానిమీద నొకటి ఎక్కినవట. రాత్రి చల్లబడి తెల్లవారుసరికి సరిగా అమరినవట. 1975 ఆగస్టులో ఈ వంతెన నడుమ ఒక రైలుపెట్టెను నిలిపి రొడీషియా రాజీ చర్చలు జరిపిరి. సరిహద్దుగీత పెట్టె మధ్యనుండి పోవునట్లు నిలిపిరి కాబట్టి, ఇయాన్ స్మిత్ తన దేశము దాటకుండ, జాతీయవాద నాయకులు అతని దేశమున అడుగిడకుండ, ఒకే బల్లవద్ద కూర్చుండగలిగిరి. రాజీ కుదరలేదు. నేడు అదే వంతెనపైనుండి యువతీయువకులు కాళ్లకు సాగెడు త్రాడు కట్టుకొని 111 మీటర్లు క్రిందికి దూకుచున్నారు. మేము కటకటాలు గట్టిగా పట్టుకొని చూచితిమి.

ఆ పట్టణమునకు నేడు తిండి పెట్టుచున్నది ఇట్టి సాహస క్రీడలే. వానిలో ముఖ్యమైనది రబ్బరు తెప్పలపై లోయలోని సుడులను దాటుట. 1981 నుండి నడచుచున్నది. మాతో వచ్చిన యువకుడొకడు తెప్ప ఎక్కెను. నలుబది దాటిన మా మోకాళ్లు లోయలోనికి దిగుటకు మాత్రమే ఒప్పుకొన్నవి. తెప్ప ఒకచోట నిలువున లేచి, తిరుగబడి, ఆరుగురిని నీటిలో పోసినది. వారు తేలి కేకలు వేసి నవ్వువరకు మాకు నోట తడి లేదు.

కాని మేము మరువలేనిది ఆ పిమ్మటి దృశ్యము. తెప్పల నుండి గాలి తీసి, చుట్టచుట్టి, తెడ్లతో సహా భుజములకెత్తుకొని కూలీలు ఆ నిట్టనిలువు గట్టు ఎక్కుచున్నారు. మేము ఉత్తచేతులతో పదిమార్లు కూలబడిన త్రోవ అది. తెప్ప నడుపు సరంగుతో మాట కలిపితిమి. సుమారు ముప్పది యేండ్లవాడు. కూలీగా మొదలుపెట్టి తెప్పవాడైనాడు. దిగువన బటోకా లోయలో 2,400 మెగావాట్ల విద్యుత్తుకై ఆనకట్ట కట్టవలెనని చిరకాలముగా ఆలోచన గలదు. అది కట్టిన నీరు వెనుకకు నిలిచి ఈ సుడులలో అనేకము మునిగిపోవును. "మీ అభిప్రాయమేమి?" యని అడిగితిమి.

అతడు కొంతసేపు మాటాడలేదు. "నిన్న మా యింట రాత్రియంతయు దీపము లేదు, అయ్యా. నా భార్య బొగ్గుల మీద వండినది. విద్యుత్తు వద్దని నేనెట్లు అందును? వచ్చిన నాడు దాని బిల్లు కట్టుటకు నాకు పని యుండదు. అదియొక్కటే మాట" యనెను.

అతని మాట అతిశయోక్తి కాదు. దిగువనున్న కరీబా జలాశయము అడుగంటుటచే ఆ యేడు దేశమంతట రోజులో అనేక గంటలు విద్యుత్తు లేదు. జలపాతమువద్దనే 108 మెగావాట్ల కేంద్రమొకటి కలదు. (ఎత్తును 108, విద్యుత్తును 108, మనవారైన దీనికొక మహిమ కల్పింతురు.) జలపాతమునకు ఎగువనుండి దానికి మళ్లించు నీటివలన కూడ వేసవిలో తూర్పు గోడ ఎండుచున్నది. ఒక నీటిని దీపమునకును చూపునకును పంచవలసి వచ్చినది.

కరీబా మాట వచ్చినప్పుడు అతడు స్వరము తగ్గించెను. అతని తాతగారు టోంగా జాతివారు. 1950 దశకము చివర ఆ ఆనకట్ట కట్టినప్పుడు సుమారు 57,000 మంది టోంగాలు నది విడిచి మెట్టకు పోవలసి వచ్చినది. మేము నాగార్జునకొండ లోయ సంగతి చెప్పితిమి. ఇంచుమించు ఆ కాలముననే మాకును ఒక మహానదిపై ఆనకట్ట లేచినదనియు, దాని వలన లక్షల ఎకరములు పండుచున్నవనియు, మునిగిన లోయలోని శిల్పములను ఇప్పుడు దీవిలోని ప్రదర్శనశాలలో చూడవలెననియు చెప్పితిమి. "శిల్పములను సరే, అక్కడి మనుష్యులను ఎచ్చట ఉంచిరి?" యని అడిగెను. పునరావాస గ్రామములను గూర్చి తెలిసినంత చెప్పితిమి. మాకు తెలిసినది చాల తక్కువయని చెప్పుచుండగనే బోధపడినది.

ఇంతలో మా యంత్రము ఆపుట మరచితిమని గమనించితిమి. గట్టు ఎక్కు కూలీలలో ముందువాడు ఒక మాట పలుకును. వెనుకవారు దానిని అందుకొందురు. నడుమ బరువైన ఊపిరి, రాలుచున్న గులకరాళ్ల చప్పుడు. జలపాతము మాకు చిక్కలేదు గాని ఇది చక్కగా చిక్కినది. అయిదు నిమిషముల సేపున్న ఆ భాగమును ఇప్పుడు వినిపించుచున్నాము.