దినచర్యను ప్రశ్నించలేం

పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీగా, అంటే దుభాషిగా, పనిచేసిన ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాశారు. ఓడల రాకపోకలు, సరుకుల బేరాలు, దర్బారు గుసగుసలు, గుడి తగాదాలు అన్నీ ఆ దినచర్యలో ఉన్నాయి.

ఇలాంటి రాతల్ని చదివి అర్థం తీయడం గుణాత్మక పరిశోధనలో ఒక పద్ధతి. అయితే అవి ఒక దుబాసీ కంటితో చూసినవి. ఆయనకు ఎదురుప్రశ్న వేయలేం.

ముఖాముఖిలో ఆ వీలుంది, కానీ జ్ఞాపకం మారుతుంది. పుదుచ్చేరిలోని కురుచికుప్పం మత్స్యకారుల మధ్య నెలల తరబడి ఉండి గమనిస్తే, వాళ్లు నోటితో చెప్పనిదీ తెలుస్తుంది. అందుకే మంచి పరిశోధకులు ఈ మూడు పద్ధతుల్లో ఒకదాన్ని మరొకదానితో సరిచూస్తారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి రాతలు, పాత ఉత్తరాలో పద్దు పుస్తకాలో, ఉంటే దయచేసి పారేయకండి.