ఇల్లు కదిలేదా, కదలనిదా?
(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసి, పులిహోర ఇంకా చేతికి రాకముందు ఒక రైల్వే గుమాస్తా లేచి పన్నులు, అప్పులు, దస్తావేజులు అని మొదలుపెడితే మీకు విసుగు పుట్టవచ్చును. అయినా ఆదాయ వ్యయములు చదివించుకొనేది కూడా ఈ దినమే గదా! మా రాశికి ఏటా వ్యయమే ఎక్కువ. అందులో ఒక సంవత్సరపు వ్యయము ఎట్లా వచ్చిందో మీకు చెప్పి, అది మీ ఇంటికి రాకుండా చూడవలెనని మా కోరిక.

మేము న్యాయవాదులము కాము. మెట్రిక్ చదివి గుమాస్తా పనిలో చేరినవారము. కదిరి వైపునుంచి పొట్టకూటికి ఇటు వచ్చాము. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి పేరుకు కర్ణాటకమేగాని, సంతలో బేరము తెలుగే, తగాదా తెలుగే. కైవారము తాతయ్య తత్త్వములు తెలుగులో పాడిన సీమ ఇది. పరాయి ఊరు అనడానికి మనకు నోరు రాదు. కాని ఎంత మన ఊరనుకొన్నా, సొంత ఇల్లు లేనివానికి ప్రతి పదకొండవ నెలా ఒక పరీక్షే. అద్దె పెంచమంటారు, లేదా ఖాళీ చేయమంటారు.

ఆ బాధ పడలేక మేము చింతామణి పొలిమేరలో ఒక కంటైనరు ఇల్లు కొన్నాము. ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. మొదట ఎవరో ఆఫీసుకని చేయించినది. మాకు అమ్మినవారు రెండవ చేయి. 2,40,000 రూపాయలు ఇచ్చాము. భూమి మాత్రము వేరొకరిది. నెలకింత అని నేల అద్దె. ఇంటికి స్టాంపు కాగితముమీద పది పంక్తులు వ్రాయించాము. నేలకు నోటిమాటే. గృహ ఋణము కావాలని బ్యాంకుకు వెళ్ళితే, “భూమి పత్రాలేవి?” అన్నారు. లేవన్నాము. చివరకు ఎక్కువ వడ్డీకి వ్యక్తిగత ఋణము తీసుకొన్నాము. ఇంటికి ప్రక్కన ఇటుకలతో స్నానాలగది, ముందు రేకుల వసారా వేసుకొన్నాము. కంటైనరును మాత్రము ఆరు సిమెంటు దిమ్మెలమీదనే ఉంచాము. “పునాది లేని ఇల్లు ఇల్లేనా?” అని మా ఇంటావిడ ఎన్నిసార్లు కంటనీరు పెట్టుకొన్నదో చెప్పలేము.

రెండేండ్లు గడిచినవి. భూస్వామి కాలము చేశారు. కొడుకులు భూమి అమ్మివేశారు. కొన్నవారు వచ్చి, “భూమిమీద ఉన్నదంతా భూమితోపాటు మాదే. మీ సామాన్లు తీసుకొని, తాళంచెవి ఇచ్చి వెళ్ళండి” అన్నారు. పరువుకు భయపడే ఉద్యోగస్తులము, ఇచ్చివేయడానికి సిద్ధపడ్డాము. బాగేపల్లిలో మనవారే ఒక వకీలుగారు ఉన్నారు. ఆయన ఫోనులో ఒకే మాట అన్నారు: “తాళంచెవి చేతిలో ఉన్నంతవరకే మీకు హక్కు. ఇచ్చిన మరుక్షణము లేదు.”

ఆ మాట వెనుక ఉన్న చట్టము 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము. అందులో 108వ సెక్షను ఏమంటుందంటే, వేరే ఒప్పందము లేకపోతే, అద్దెదారు తాను ఆ నేలకు అమర్చుకొన్నవాటిని కౌలు ముగిసిన తరువాత కూడా తీసుకొనిపోవచ్చును. కాని నేల తన స్వాధీనములో ఉన్నంతసేపే. ఆ తరువాత వీలులేదు. నేలను మొదట ఎట్లా తీసుకొన్నాడో అట్లా అప్పగించవలెను. నెల అద్దెకు ఉన్నవానిని లేపవలెనంటే 15 దినముల నోటీసు ఇవ్వవలెనని 106వ సెక్షను. భూమి చేతులు మారినంతమాత్రాన ఆ అద్దె ఒప్పందము గాలికి పోదు. మేము నేల అద్దె ప్రతి నెలా ఫోనుద్వారా బ్యాంకునుంచి పంపినాము గనుక ఆ లెక్క మాకు సాక్ష్యమైనది. పదిహేను దినాల గడువు దొరికింది. క్రేను, ట్రైలరు పిలిపించాము. 28,000 రూపాయలు అయినవి. ఇటుకల గది పోయింది. గుంటలు పూడ్చి నేల అప్పగించాము. ఇల్లు మాత్రము గాలిలోకి లేచి, ట్రైలరుమీద కూర్చుని, మాతో వచ్చింది. అప్పుడు మా ఇంటావిడ అన్నది: “పునాది లేదని ఏడ్చినాను. ఆ పునాది లేకపోవడమే మనలను కాపాడింది!”

సోదరులారా, ఈ అనుభవమునుంచి మేము నేర్చుకొన్నది ఒక్కటే. పాత ఇల్లు కొనేవాడు ధర అడగకముందు, వాస్తు చూడకముందు ఒక ప్రశ్న వేసుకోవలెను: ఇది కదిలేదా, కదలనిదా? చరాస్తియా, స్థిరాస్తియా? పత్రము, పన్ను, అప్పు మూడూ ఆ ప్రశ్నకు వచ్చే జవాబు వెంటనే నడుస్తవి.

చట్టము జవాబు చూతము. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టము ప్రకారము భూమి, భూమినుంచి వచ్చే లాభములు, భూమికి అతుక్కొని ఉన్నవి, అట్లా అతుక్కొన్నదానికి శాశ్వతముగా బిగించినవి స్థిరాస్తి. అతుక్కొనుట మూడు విధములని 1882 చట్టము చెప్పుతుంది. చెట్టువలె వేరూని ఉండుట ఒకటి. గోడవలె నేలలో పాతుకొని ఉండుట రెండు. తలుపు గోడకు ఉన్నట్లు, పాతుకొన్నదాని శాశ్వతమైన ఉపయోగముకొరకే దానికి బిగించి ఉండుట మూడు. ఈ మూడవదానిలోనే కిటుకు ఉన్నది. తలుపు గోడకొరకు ఉన్నది గనుక గోడతో పోతుంది. ఇంజను కదలకుండా పనిచేయవలెనని నేలకు బోల్టులు వేస్తే, అది ఇంజనుకొరకేగాని నేలకొరకు కాదు. మన తాతల కాలపు టూరింగు టాకీసు మీకు గుర్తుండవచ్చును. అటువంటి టాకీసు ఇంజను, ప్రొజెక్టరు స్థిరాస్తియా కాదా అని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వ్యాజ్యము వెళ్ళింది. తాత్కాలికపు లైసెన్సుతో ఆడే ఆటకు బిగించిన యంత్రము చరాస్తియే అని తీర్పు వచ్చింది; 1974 నాటి లా రిపోర్టులలో అది ఉన్నది.

అంతతో తెగిందనుకొనవద్దు. సెల్ ఫోను టవరు ఉన్నది గదా, దాని ప్రక్కనే ముందుగా తయారుచేసి తెచ్చి నిలిపే చిన్న గది ఉంటుంది. 2024 నవంబరు 20న సుప్రీము కోర్టు, ఆ టవరూ ఆ గదీ విప్పి మరొక చోటికి తీసుకొనిపోగలిగినవి గనుక సరుకులేగాని స్థిరాస్తి కావని, ఎక్సైజు పన్ను జమ వ్యవహారములో తీర్పు చెప్పింది. అదే సుప్రీము కోర్టు 2016 డిసెంబరులో, ఆస్తి పన్ను వేసేటప్పుడు టవరును కట్టడముగా ఎంచవచ్చునని చెప్పింది. వస్తువు ఒక్కటే, ఒక చట్టపు కంటికి సరుకు, మరొక చట్టపు కంటికి కట్టడము! కనుక “ఇది షెడ్డేనండి, పన్ను ఉండదు” అని అమ్మేవాడు చెప్పితే నమ్మి ఊరుకొనరాదు. “పంచాయతీ పన్ను కడుతున్నాము, కాబట్టి ఇల్లు మాదే” అన్నా నమ్మరాదు. పన్ను రశీదు హక్కు పత్రము కాదు.

చక్రములమీద నడిచే ఇల్లు, అనగా కారవాన్, మూడవ జాతి. అది 1988 నాటి మోటారు వాహనముల చట్టము క్రింద బండి. దానికి ఆర్.సి. కావలెను, బీమా కావలెను, పేరు మార్పుకు 29, 30 ఫారములు కావలెను. బాగేపల్లి దాటితే ఆంధ్ర సరిహద్దు గనుక మనవారికి ఒక హెచ్చరిక: ఒక రాష్ట్రపు బండి మరొక రాష్ట్రములో 12 నెలలు మించి ఉంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవలెను, అక్కడి పన్ను కట్టవలెను.

మన పిల్లలు కొందరు అమెరికాలో ఉన్నారు. అక్కడ ఫ్యాక్టరీలో తయారై చక్రాల చట్రముమీద వచ్చే ఇండ్లు సామాన్యము. 1976 జూన్ 15 నుంచి వాటికి దేశమంతటికీ ఒకే కట్టుబడి నిబంధన ఉన్నది. ప్రతి భాగముపై ఒక ఎర్రని గుర్తు బిళ్ళ ఉంటుంది. అంతకు ముందువి మొబైల్ హోములు, తరువాతవి మాన్యుఫాక్చర్డ్ హోములు. చాలా రాష్ట్రములలో మొదట దానికి కారుకు వలెనే యాజమాన్య పత్రము ఇస్తారు. సొంత భూమిలో శాశ్వతముగా నిలిపి, ఆ పత్రమును రద్దు చేయిస్తే అది స్థిరాస్తిగా మారుతుంది. అద్దె నేలమీద ఉంటే అప్పు వస్తువుమీద అప్పే. వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. అంత ధనిక దేశములోనూ బ్యాంకువాడు అడిగేది చింతామణిలో అడిగిన ప్రశ్నయే: “భూమి ఎవరిది?”

ఇక పన్నులు. కదలని పాత ఇల్లు 100 రూపాయలకు మించితే రిజిస్టరు దస్తావేజు లేక హక్కు రాదు. కర్ణాటకములో స్టాంపు సుంకము 5 శాతము. దానిమీద సెస్సు, సర్‌చార్జి చేరి గ్రామములలో 5.65 శాతము అవుతుంది. రిజిస్ట్రేషను రుసుము 1 శాతముగా ఉండేది. 2025 ఆగస్టు 31 నుంచి 2 శాతము అయినది. 20 లక్షల ఇంటికి లెక్క వేయండి: 1,13,000, మరొక 40,000, మొత్తము 1,53,000 రూపాయలు. ప్రభుత్వపు మార్గసూచి ధర మీ ధరకంటె ఎక్కువైతే దానిమీద కట్టవలెను. పూర్తియై కాపురమున్న పాత ఇంటికి జి.ఎస్.టి. లేదు.

కదిలే ఇంటికి స్టాంపు సుంకము భారము లేదు, కాని అది సరుకు. కొత్తదానికి జి.ఎస్.టి. 18 శాతము, 3 లక్షలదానికి 54,000. వ్యాపారి కాని గృహస్థునివద్ద పాతది కొంటే ఈ పన్ను లేదు. పాత సామాను వ్యాపారివద్ద కొంటే, అతడు కొన్నప్పటి పన్ను జమ తీసుకొనకుండా ఉంటే, అతని లాభముమీదనే పన్ను. 2,00,000కు కొని 2,30,000కు అమ్మితే 30,000మీద 5,400. ఇది తెలియక మొత్తము ధరమీద 18 శాతము ఇచ్చుకొన్నవారు ఉన్నారు. బిల్లు అడిగి చూడండి.

అప్పు సంగతి. స్థిరాస్తికి బ్యాంకువారు హక్కు పత్రములు ఉంచుకొని తనఖామీద ఇస్తారు. రిజర్వు బ్యాంకు నియమము ప్రకారము 30 లక్షల లోపు గృహ ఋణము ఇంటి విలువలో 90 శాతము మించరాదు. 10 లక్షలు దాటిన ఇంటికి స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులను ఆ విలువలో కలుపరు. అనగా 20 లక్షల ఇంటికి మన చేతినుంచి 2,00,000 మరియు 1,53,000, వెరసి 3,53,000 రూపాయలు సిద్ధముగా ఉండవలెను. “బ్యాంకు అంతా ఇస్తుంది” అని బయానా ఇచ్చి చిక్కుపడినవారిని మేము చూచినాము. కదిలే ఇంటికి ఆ తనఖా లేదు. దొరికితే వస్తువు హామీమీద, లేకుంటే జీతముమీద. వడ్డీ మా నెల జీతపు కాగితము చూస్తే తెలుస్తుంది!

ఈ మూడు తాలూకాలలో పాత ఇల్లు కొనేవారికి మా మనవి:

ఒకటి. వ్యవసాయ భూమిలో కట్టిన ఇల్లైతే, 1964 నాటి భూకందాయ చట్టము 95వ సెక్షను క్రింద డిప్యూటీ కమీషనరు అనుమతి, మనవారి మాటలో కన్వర్షను, ఉన్నదా చూడండి.

రెండు. పల్లెలో అయితే ఇ-స్వత్తు ఫారము 9, ఫారము 11 అడగండి. 11-ఎ కి, 11-బి కి అక్షరమే తేడా అనుకొనకండి. 11-బి అంటే చాలా బ్యాంకులు తల అడ్డముగా ఊపుతవి. పట్టణములో అయితే పురసభ ఇ-ఖాతా.

మూడు. ఇ.సి. తీయించండి. పత్రములు కుదువబెట్టిన తనఖా కొన్నిసార్లు దానిలో కనబడదు. సెర్సాయి అనే కేంద్ర నమోదు కార్యాలయపు దాఖలాలో వెతికించండి.

నాలుగు. కదిలే ఇల్లైతే మొదటి బిల్లు, అమ్మేవాని రశీదు, దానిమీద అప్పు తీరిన పత్రము తీసుకోండి.

ఐదు. ఇది మా గాయము: నేల అద్దెను నోటిమాటకు వదలకండి. ఏడాది మించిన కౌలు అయితే రిజిస్టరు చేయించండి. “ఇల్లు కౌలుదారుదే, కౌలు తీరినపుడు తీసుకొనిపోవును, అందుకు ఇన్ని దినముల గడువు” అనే మూడు మాటలు అందులో ఉండవలెను. ఆ మూడు మాటలు మేము వ్రాయించుకొని ఉంటే స్నానాలగది ఖర్చు, పదిహేను రాత్రుల నిద్ర మాకు మిగిలేవి.

ఇప్పుడు ఆ కంటైనరు మా మామగారి పొలములో బోరుబావి ప్రక్కన ఉన్నది. మేము మళ్ళీ అద్దె ఇంటిలో ఉన్నాము. వ్యక్తిగత ఋణము ఇంకను పదకొండు నెలలు ఉన్నది. అది తీరిన తరువాత చిక్కబళ్ళాపురములో రెండు గదుల పాత ఇల్లు, పత్రములు సరిగా ఉన్నది, చూడవలెనని ఉన్నాము. ఈసారి మా ఇంటావిడ పునాది చూస్తానన్నది. దస్తావేజు మేము చూస్తాము.

మనము ఊరు వదిలి కదిలి వచ్చినవారము. మనము కదిలినా మన కష్టార్జితము చేయి జారరాదు. ఈ కొత్త సంవత్సరములో కొనేవారందరూ చదివి సంతకము పెట్టవలెననీ, చదవరానిది సంఘములో పదిమందికి చూపి అడుగవలెననీ కోరుతూ, మీ అందరికీ ఉగాది శుభాకాంక్షలతో సెలవు తీసుకొంటున్నాము. పులిహోర వస్తున్నది.