ఇరవై ఒకటో మనిషి

కులపతికీ వీసీకీ రెండే వాక్యాల్లో నమస్కారాలు ముగించి, ఆ లా యూనివర్సిటీ స్నాతకోత్సవ వక్త నేరుగా చెట్టెక్కారు. 1996, ఇంగ్లండులోని న్యూబరీ. సుమారు 9 మైళ్ల బైపాస్ కోసం 10 వేల చెట్లు నరకబోతుంటే, కొమ్మల మీద గూళ్లు కట్టుకుని జనం కూర్చున్నారు. 800కు పైగా అరెస్టులు. లండన్‌లో జూనియర్‌గా ఉన్న ఈ తెలుగు వకీలు పని, ఎవరిని ఏ సెక్షన్ కింద పట్టుకుపోతున్నారో రాసుకోవడం. "నల్లకోటు కోసం సీమకెళ్లి, మోకాళ్ల దాకా బురద తెచ్చుకున్నాను" అన్నారు. 1998లో తెరిచిన ఆ బైపాస్ మీద తానూ కారు తోలానని దాచలేదు.

ఆయన బెంగ రోడ్డు గురించి కాదు, 1994 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం గురించి. నక్కల వేటకు అడ్డుపడేవాళ్లనూ, పొలాల్లో రాత్రంతా సాగే రేవ్ పార్టీలనూ చూపించి తెచ్చిన చట్టమది. ఒకే దరువు పదేపదే మోగే చప్పుడు కూడా సంగీతమేనని అందులో నిర్వచనం రాశారు. "మన పెళ్లి డప్పులు ఆ పొలాల్లో మోగితే ఏ గతి పట్టేదో!" హాలు నవ్వింది, ఆయన నవ్వలేదు. అదే చట్టంలోని 68వ సెక్షన్, పరాయి స్థలంలో చొరబడి పని అడ్డుకోవడాన్ని నేరం చేసి, న్యూబరీలో చెట్టెక్కినవాళ్ల మీద పడింది. బెయిలిచ్చినా ఆ దారి ఛాయలకు రాకూడదని షరతు. తీర్పు రాకముందే నిరసన ముగిసినట్టే.

"సెక్షన్ నంబర్లు బట్టీ కొట్టారు కదా నాయనా! ఏ వల ఎవరికోసమని నేశారో, చివరికి ఎవరు చిక్కారో చదివారా? గైడ్లలో ఉండదులెండి."

న్యూబరీ నుంచి ఆయన మాట 2022కు దూకింది. ఆ ఏడు లండన్ చుట్టూ తిరిగే ఎం25 రింగురోడ్డును స్తంభింపజేసింది వాతావరణ ఉద్యమకారులు. రోడ్డు వద్దన్నవాళ్లు కారని ఆయనే చెప్పారు. దానికి కుట్ర పన్నారన్న కేసులో 2024లో ఐదుగురికి నాలుగైదేళ్ల జైలు పడింది, మరుసటి ఏడు అప్పీలులో కొంత తగ్గింది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోగి గోడు కూడా గోడేనని ఒప్పుకుంటూనే, ఇన్నేళ్ల జైలా అని తల అడ్డంగా ఊపారు.

గొంతు తేలికపడింది మాత్రం స్టోన్‌హెంజ్ దగ్గర. 1995 జూన్ 1న అక్కడ రోడ్డంచు గడ్డి మీద కొందరు గొడవ చేయకుండా నిలబడ్డారు. అప్పుడక్కడ గుంపులు చేరడంపై నిషేధం ఉంది, కానీ 20 మంది లేదా అంతకు మించి చేరితేనే అది వర్తించేది. పోలీసు అధికారి లెక్కపెడితే 21 తేలారు. ఆ కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి, ఎవరి దారికీ అడ్డు రానప్పుడు రోడ్డు పక్కన శాంతంగా గుమిగూడటం తప్పుకాదని 1999లో తేలింది, అదీ ముగ్గురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు.

మాట ఆపి, వేలు చూపుతూ ముందు వరుస లెక్కపెట్టారాయన. పద్దెనిమిది. "ఇంకో ముగ్గురు ముందుకు రండమ్మా" అన్నారు. నలుగురు లేచారు.