పురుగుతో చుట్టరికం



డార్విన్ మాట నమ్మితే మనిషి బతుక్కి అర్థమే లేకుండా పోతుందని కొందరి భయం. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామం పాఠం తీసేస్తే, 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. పుస్తకంలోంచి తీసినంత తేలిగ్గా మన పల్నాటి ఈపూరు పత్తిచేలోంచి పరిణామాన్ని తీయలేరు లెండి.

1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తికి పైరిథ్రాయిడ్ మందులు కొట్టడం మొదలైంది. తొలుత పచ్చపురుగు రాలిపోయింది. 1987 నాటికి ఎంత కొట్టినా చావలేదు. అప్పుల పాలైన రైతులు కొందరు ఆ పురుగుమందే తాగారు. పురుగేమీ పంతం పట్టలేదు. ఏ కొన్నిటికో పుట్టుకతోనే మందును తట్టుకునే గుణం ఉంది. మిగతావి చచ్చాయి, తట్టుకున్నవే గుడ్లు పెట్టి సంతతిని పెంచుకున్నాయి. ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీరు ప్రకృతి వరణమని పరీక్షలో రాసింది దీన్నే.

మందు పురుగునే కాదు, మనిషినీ వదలదు. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కొడుతూ కూలీలు పడిపోవడం మీలో కొందరు చూసే ఉంటారు. పురుగు నరాల్లో ఆ మందు ఏ ఎంజైమును పట్టుకుంటుందో, మన నరాల్లోనూ అలాంటిదే ఉంది. 50 కోట్ల ఏళ్ల కంటే ముందే ఏదో చిన్న జలచరం నుంచి పురుగూ మనమూ వాటాకు తెచ్చుకున్న ఆస్తి అది. సవతి అన్నదమ్ములే పల్నాటి యుద్ధం చేసుకున్న గడ్డ మీద ఈ చుట్టరికం మింగుడుపడటం కష్టమే! నాకు మాత్రం ఇందులో అవమానం కనబడదు. మన బతుక్కి పరమార్థం ఎవరూ ముందే రాసిపెట్టలేదు, నిజమే. కానీ తన చుట్టాలెవరో, తాను చేసిన పని వాళ్లను ఎలా మారుస్తుందో ఆరా తీయగలిగిన జీవి మనమే. నాకు ఆ అర్థం చాలు.

2002లో, తనను తిన్న పురుగును తానే చంపే బీటీ పత్తి వచ్చింది. దాంతోపాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల ప్యాకెట్టు ఇచ్చేవారు. వాటిని చేను చుట్టూ వేస్తే అక్కడ మామూలు పురుగులు బతికి, బీటీని తట్టుకున్నవాటితో జతకడతాయి. అలా తట్టుకునే గుణం త్వరగా వ్యాపించదు. "పురుగును మేపడానికా కౌలు కట్టేది?" అని చాలామంది ఆ ప్యాకెట్టు పారేశారు. కౌలురైతు నోట ఆ మాట తప్పనను. కానీ పత్తిని తినే గులాబీరంగు పురుగులో బీటీని తట్టుకునే గుణం పెరగడానికి అదీ ఒక కారణమైంది.

ఇప్పుడు ఆ మామూలు పత్తి గింజలను బీటీ గింజల్లోనే కలిపి అమ్ముతున్నారు. చెప్పినా రైతు వినడని తేల్చేశారన్నమాట. అసలు సరిగ్గా చెప్పారా అని నా అనుమానం. గట్టు మీద కూర్చుని, మన యాసలో, కౌలు లెక్కతో సహా వివరించగలవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు.